గుండె మందు, రక్తం మందు ఇచ్చే ముందు ఏం చూడాలి: ఐసీసీయూలో కొత్తగా చేరిన చెల్లికి నా జవాబు

చెల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు పూర్తిచేసి విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీసీయూలో, అంటే గుండె జబ్బుల ఐసీయూలో, చేరి మూడు నెలలైందన్నావు. పోయిన వారం ఒక పెద్దాయనకి పొద్దున గుండె వేగం తగ్గించే డిగాక్సిన్ మాత్ర ఇచ్చేశాక పల్స్ చూస్తే 54 ఉందనీ, రౌండ్స్‌లో డాక్టర్ గారు అందరి ముందు కేకలేశారనీ రాశావు. చార్ట్‌లో ఉన్నది ఇవ్వడమే మన పని అని సీనియర్ సిస్టర్ చెప్పారనీ, ఇప్పుడు మందుల ట్రాలీ ముట్టుకోవాలంటే టెన్షన్‌గా ఉందనీ అన్నావు. ఏ మందుకి ముందు ఏం చూసుకోవాలో చెప్పమని, ఐరన్ ఇంజెక్షన్ గురించి కూడా అడిగావు.

నేను గుంటూరు కొత్తపేటలో డ్యూటీ మొదలుపెట్టి, ఇప్పుడు విజయవాడ సూర్యారావుపేటలో చేస్తున్నాను. 26 ఏళ్లలో ఎక్కువ భాగం గుండె వార్డులోనే గడిచింది. నాకు తెలిసింది చెప్తాను. మీ ఆసుపత్రి ప్రోటోకాల్‌లో అంకెలు కొంచెం తేడాగా ఉంటే దాన్నే పాటించు.

చార్ట్‌లో ఉన్నది ఇవ్వడమే మన పని అన్న మాటతో నేను ఒప్పుకోను. డాక్టర్ గారు ఆ ఆర్డర్ రాసింది నిన్న సాయంత్రం తాను చూసిన పేషెంట్‌కి. నువ్వు మందు ఇస్తున్నది ఇవాళ పొద్దున మంచం మీద ఉన్న పేషెంట్‌కి. మధ్యలో ఒక రాత్రి గడిచింది. ఆ రాత్రిలో బీపీ పడిపోయి ఉండొచ్చు, యూరిన్ తగ్గి ఉండొచ్చు, ల్యాబ్ నుంచి పొటాషియం రిపోర్ట్ వచ్చి ఫైల్లో మడిచి ఉండొచ్చు. మిగతా మందుల్లో చాలావాటికి ఈ తేడా పెద్దగా పట్టదు. గుండె మందులకీ, రక్తం పలచబరిచే మందులకీ మాత్రం బాగా పడుతుంది. నిన్న సరిపోయిన డోసు ఇవాళ అదే మనిషికి ఎక్కువైపోతుంది. అందుకే వీటిలో ప్రతి మందుకీ ఒక అంకె ఉంటుంది, మాత్ర స్ట్రిప్ చింపకముందే ఆ అంకె చూడాలి.

డిగాక్సిన్‌కి ఆ అంకె ఎపికల్ పల్స్. మణికట్టు దగ్గర కాదు, స్టెతస్కోప్ గుండె మీద పెట్టి నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించొద్దు. డిగాక్సిన్ వాడేవాళ్లలో చాలామందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పి కొట్టుకోవడం, ఉంటుంది, కొన్ని బీట్లు మణికట్టు దాకా రానే రావు. పెద్దవాళ్లలో 60 కంటే తక్కువ ఉంటే మాత్ర ఆపి డాక్టర్ గారికి చెప్పాలి. ఆయన వేరే హద్దు రాసి ఉంటే అదే లెక్క. మందు ఆపడానికి భయపడకు. కిడ్నీలు బాగా ఉన్న మనిషిలో కూడా డిగాక్సిన్ సగం బయటికి పోవడానికి ఒకటిన్నర రోజు పడుతుంది. అరగంట ఆగి ఫోన్ చేసి అడిగితే పేషెంట్‌కి పోయేదేమీ లేదు. ఇంకో సంగతి, మన దగ్గర చాలామంది కార్డియాలజిస్టులు డిగాక్సిన్ వారానికి 5 రోజులే రాస్తారు. శని, ఆదివారాలు వద్దని మూలన చిన్నగా రాసి ఉంటుంది. చార్ట్ కొత్త పేజీలోకి మార్చేటప్పుడు ఆ ఒక్క మాటా జారిపోతుంది.

అయితే పల్స్ ఒక్కటే చూస్తే సరిపోదని నేను కష్టపడి నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట, మే నెల. బాపట్ల వైపు నుంచి ఒకామె వచ్చింది. కీళ్లజ్వరంతో వచ్చే రుమాటిక్ వాల్వ్ జబ్బు, చాలాకాలంగా డిగాక్సిన్, యూరిన్ ఎక్కువ పోయించే లాసిక్స్ వాడుతోంది. రెండు రోజులుగా అన్నం సయించట్లేదు, వాంతులు. ఎండదెబ్బ అనుకుని ఇంట్లోవాళ్లు మజ్జిగ తాగించి తీసుకొచ్చారు. సాయంత్రం డోసు వేళకి పల్స్ లెక్కపెట్టాను, 64 ఉంది. ఇచ్చేశాను. అర్ధరాత్రి మానిటర్‌లో ఒక మామూలు బీట్, ఒక తప్పు బీట్ జంటగా రావడం మొదలైంది, రేటు 42కి దిగింది. అప్పుడు ఫైల్ తెరిస్తే మధ్యాహ్నమే వచ్చిన రిపోర్ట్ ఉంది, పొటాషియం 2.8. నేను చూడలేదు. ఆమె తెల్లవార్లూ "సిస్టరమ్మా, లైట్లన్నీ పచ్చగా ఉన్నాయి" అంటూనే ఉంది. దేవుడి దయవల్ల బతికి ఇంటికెళ్లింది. ఆ రాత్రి నాకు ఇప్పటికీ గుర్తుంది.

పొటాషియం తగ్గితే డిగాక్సిన్ గుండె మీద మరింత గట్టిగా పనిచేస్తుంది. లాసిక్స్ పొటాషియాన్ని యూరిన్‌లో పంపేస్తుంది. వాంతులు, విరేచనాలు ఇంకా తగ్గిస్తాయి. కిడ్నీ దెబ్బతింటే డిగాక్సిన్ ఒంట్లోనే పేరుకుంటుంది. విజయవాడ ఎండల్లో ఇవన్నీ ఒకేసారి కలిసొస్తాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా డిగాక్సిన్ పేషెంట్ "అన్నం సయించట్లేదు" అంటే, ఎండదెబ్బ అనుకునే ముందు డిగాక్సిన్ ఎక్కువైందేమో అని అనుమానించు. 1785లో విలియం విథరింగ్ అనే ఇంగ్లండ్ డాక్టర్ ఈ మందు వచ్చిన మొక్క గురించి రాసినప్పుడే వాంతులు, వస్తువులు పసుపుగా పచ్చగా కనపడటం, పల్స్ నెమ్మదించడం అన్నీ రాసిపెట్టాడు. ఇన్నేళ్లయినా ఆ లక్షణాలు మారలేదు. కాబట్టి డిగాక్సిన్‌కి ముందు పల్స్‌తో పాటు పొటాషియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడు, "అన్నం తిన్నారా, కళ్లు ఎలా కనపడుతున్నాయి" అని అడుగు. డిగాక్సిన్ లెవెల్‌కి రక్తం పంపమంటే డోసు ఇచ్చి కనీసం 6 గంటలు దాటాకే తియ్యి. ముందే తీస్తే లేని ఎక్కువ కనిపిస్తుంది. క్యాల్షియం ఇంజెక్షన్ గానీ, గుండె లయ సరిచేసే అమియోడరోన్ గానీ కొత్తగా రాస్తే, పేషెంట్ డిగాక్సిన్ మీద ఉన్నాడని గుర్తుచెయ్యి.

లాసిక్స్ అందరం అలవాటుగా ఇచ్చే మందు. అందుకే నిర్లక్ష్యం జరుగుతుంది. ఇచ్చే ముందు బీపీ, పొటాషియం, నిన్నటి ఇన్‌టేక్ అవుట్‌పుట్, పొద్దుటి బరువు చూడాలి. బరువు రోజూ ఒకే వేళకి, టిఫిన్‌కి ముందు, ఒకే మెషీన్ మీద తీస్తేనే దానికి అర్థం ఉంటుంది. ఇంజెక్షన్ నెమ్మదిగా ఇవ్వాలి, 40 మిల్లీగ్రాములైతే ఒకటి రెండు నిమిషాలు. పెద్ద డోసులు పంప్‌లో పెడతాం, నిమిషానికి 4 మిల్లీగ్రాములు దాటకూడదు. గబగబా తోస్తే చెవుల్లో హోరు వస్తుంది, వినికిడి కూడా పోవచ్చు. అమికాసిన్ లాంటి యాంటిబయాటిక్ కూడా నడుస్తుంటే ఆ ప్రమాదం ఎక్కువ. మాత్రలైతే పొద్దున, రెండో డోసు ఉంటే మధ్యాహ్నం లోపు. రాత్రి ఇస్తే పెద్దవాళ్లు చీకట్లో బాత్రూంకి వెళ్తూ పడిపోతారు. నా సర్వీసులో తుంటి విరిగిన కేసులు రెండు ఇలాగే జరిగాయి.

పొటాషియం క్లోరైడ్ గురించి ఒక్కమాట గట్టిగా చెప్తాను. దాన్ని ఎప్పుడూ, ఎవరు చెప్పినా, సిరంజితో నేరుగా నరంలోకి ఇవ్వకూడదు. గుండె ఆగిపోతుంది. మన దగ్గర దొరికే 10 మి.లీ. ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. చూడటానికి డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్ లాగే ఉంటుంది. రెండూ ఒకే ట్రేలో ఉంటే ఇవాళే విడదీయించు. బాటిల్లో కలిపాక నాలుగైదుసార్లు తలకిందులు చేసి కలపాలి. వేలాడుతున్న బాటిల్లో కలిపి వదిలేస్తే మందంతా అడుగున చేరి మొదటే వెళ్లిపోతుంది. చేతి నరం నుంచి అయితే గంటకి 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటించం. యూరిన్ వస్తోందో లేదో చూడకుండా మొదలుపెట్టకు.

దీనికి ఎదురుగా పొటాషియం పెంచే మందులున్నాయి. రామిప్రిల్, ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్. ఇవి వాడే పేషెంట్ మంచం పక్కన కొబ్బరి బొండాలు కనిపిస్తే అటెండెంట్లతో మాట్లాడు. మనవాళ్లు జబ్బుపడ్డ మనిషికి ముందు తెచ్చేది కొబ్బరి నీళ్లే. అందులో పొటాషియం చాలా ఉంటుంది. కిడ్నీ బాగున్న మనిషి ఒకటి తాగితే ఏమీ కాదు, కానీ క్రియాటినిన్ పెరిగి ఈ మందులు రెండు కలిసి నడుస్తున్న మనిషికి రోజుకి మూడు బొండాలు ప్రమాదమే. బీపీకి మంచిదని కొనే లో సోడియం ఉప్పులో కూడా కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది. రామిప్రిల్ లాంటి వాటికి పొడిదగ్గు వస్తే చెప్పు, మందు మారుస్తారు. పెదాలు, నాలుక వాచినట్టు కనిపిస్తే మాత్రం అది ఎమర్జెన్సీ, రౌండ్స్ దాకా ఆగకు. మొదటి డోసు తర్వాత బీపీ బాగా పడొచ్చు, పేషెంట్‌ని ఒక్కసారిగా లేవనివ్వకు. గర్భిణికి ఈ మందులు ఇవ్వకూడదు, ఎందుకు రాశారో అడుగు.

మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, కార్వెడిలాల్ లాంటి బీటా బ్లాకర్లకి పల్స్, బీపీ రెండూ చూడాలి. పల్స్ 60 లోపున్నా, పై బీపీ 100 లోపున్నా ఆగి అడగడం నా అలవాటు. కానీ గుర్తుంచుకో, ఇది డిగాక్సిన్ లాంటిది కాదు. రెండు మూడు రోజులు ఎవరూ పట్టించుకోకుండా ఆగిపోతే గుండె వేగం, బీపీ ఎగసి నొప్పి తిరగబెడుతుంది. ఆపడం అంటే ఈ డోసుకి ఆపి, డాక్టర్ గారు తేల్చేదాకా వెంటపడటం. షుగర్ పేషెంట్‌కి షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండె దడ, వణుకు ఈ మందు వల్ల తెలియవు. చెమట మాత్రం పడుతుంది. ఒళ్లంతా చెమటలు పట్టి మాట తడబడితే ముందు గ్లూకోమీటర్ తియ్యి. ఆస్తమా ఉందా అని ఒకసారి అడుగు. ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబ్ పేషెంట్‌కి ఎక్స్‌ఎల్, ఎస్‌ఆర్, రిటార్డ్ అని రాసిన మాత్రలు నూరి వెయ్యకు. రోజంతా కొంచెం కొంచెంగా రావాల్సిన మందు ఒక్క గంటలో వచ్చేస్తుంది.

అమ్లోడిపిన్‌తో చీలమండలు వాస్తాయి, గుండె ఫెయిల్యూర్ వాపు అనుకుని కంగారుపడేవాళ్లున్నారు, డాక్టర్ గారికి చెప్తే చాలు. బీపీ ఎక్కువుందని నిఫెడిపిన్ క్యాప్సూల్ చిదిమి నాలుక కింద వేసే పాత పద్ధతి ఇంకా ఎక్కడైనా చేస్తుంటే నువ్వు చెయ్యకు. బీపీ ఒక్కసారిగా పడి స్ట్రోక్, గుండెపోటు వచ్చిన దాఖలాలు ఉన్నాయి.

ఛాతీనొప్పికి ఇచ్చే సార్బిట్రేట్ నాలుక కింద పెట్టేముందు పేషెంట్‌ని కూర్చోబెట్టు లేదా పడుకోబెట్టు, బీపీ చూడు. పై బీపీ 90 లోపుంటే పెట్టకూడదు. ఈసీజీలో కింది గోడ గుండెపోటు అని ఉంటే, కుడివైపు లీడ్లు తీశారా అని అడిగి మరీ ఇవ్వు. కుడి వెంట్రికిల్ దెబ్బతిన్న మనిషికి ఈ మందుతో బీపీ కూలిపోతుంది. ఇక అందరూ అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఒకటుంది. వయాగ్రా లాంటి మాత్ర ఏమైనా వేసుకున్నారా అన్నది. వయాగ్రాలో ఉండే సిల్డెనాఫిల్ వేసుకుని 24 గంటలు, టాడలాఫిల్ వేసుకుని 48 గంటలు దాటకుండా సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ ఇస్తే ప్రాణం మీదకొస్తుంది. భార్య, కొడుకుల ముందు అడిగితే ఎవరూ నిజం చెప్పరు. నేను అటెండెంట్లని మందుల చీటీ ఇచ్చి ఫార్మసీకి పంపి, పేషెంట్ దగ్గరగా వంగి, "నాన్నగారూ, ఈ మాత్ర పెట్టేముందు అందరినీ అడుగుతాం, ఈ రెండు రోజుల్లో మగతనానికి మాత్ర ఏదైనా వేసుకున్నారా, వేసుకుంటే మందు మారుస్తాం, ఇంకెవరికీ చెప్పను" అంటాను. ఇలా అడిగితే డెబ్బై ఏళ్లాయన కూడా చెప్తాడు.

ఇక రక్తం పలచబరిచే మందులు. నా దృష్టిలో వార్డులో ఎక్కువ ప్రాణాలు కాపాడేవీ, ఎక్కువ ప్రమాదాలు తెచ్చేవీ ఇవే.

హెపారిన్ వయల్ 5 మి.లీ. సైజులో రెండు రకాలుగా వస్తుంది. ఒకదాంట్లో మి.లీ.కి 1000 యూనిట్లు, మొత్తం 5000. ఇంకోదాంట్లో మి.లీ.కి 5000, మొత్తం 25,000. సీసా ఒకే ఎత్తు, లేబుల్ కూడా దాదాపు ఒకలాగే ఉంటుంది. నేను పనిచేసిన ఒక చోట 5000 యూనిట్లు ఇవ్వాల్సింది పోయి, "వయల్ మొత్తం తియ్యి" అన్న మాట మీద 25,000 సిరంజిలోకి ఎక్కించారు. పక్కనున్న అమ్మాయి లేబుల్ చదవడం వల్ల ఆగింది. అందుకే ఇద్దరం చూడాలి, లేబుల్ పైకి చదవాలి, "ఎన్ని మి.లీ." అని కాదు "ఎన్ని యూనిట్లు" అని మాట్లాడుకోవాలి. ఆర్డర్‌లో యూనిట్లు అనడానికి ఇంగ్లీషు "U" అని పొడి అక్షరం రాస్తే అది సున్నాలా కనపడుతుంది, పూర్తి మాట రాయించు. ఇన్ఫ్యూజన్ నడుస్తుంటే, రక్తం గడ్డకట్టడానికి పట్టే టైమ్ చెప్పే ఏపీటీటీ చూస్తారు, మామూలుగా కంట్రోల్‌కి ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్లు ఉండాలి. ఆ రక్తం హెపారిన్ ఎక్కని చేతి నుంచే తియ్యాలి. ప్లేట్‌లెట్లు మొదటి రోజు ఎన్ని ఉన్నాయో రాసిపెట్టుకో. 5 నుంచి 10 రోజుల మధ్య సగానికి పడితే అది చిన్న విషయం కాదు, వెంటనే చెప్పాలి. విరుగుడు ప్రోటమిన్, ఎక్కడ ఉందో డ్యూటీ మొదట్లోనే చూసిపెట్టుకో.

హెపారిన్ జాతిదే అయిన క్లెక్సేన్ ఇంజెక్షన్ పొట్ట మీద, బొడ్డుకి రెండంగుళాల దూరంలో, ఒకసారి కుడి ఒకసారి ఎడమ. చర్మం మడత పట్టుకుని సూది నిటారుగా పూర్తిగా దింపు, మందు అయ్యేదాకా మడత వదలకు. సిరంజి మొత్తం ఇచ్చేటప్పుడు అందులో గాలి బుడగ తియ్యకూడదు, అది కావాలనే పెట్టారు. ఇచ్చాక రుద్దకు. అటెండెంట్ ప్రేమగా రుద్దుతుంటే కూడా ఆపు, నల్లగా కమిలిపోతుంది. డోసు బరువుని బట్టి ఉంటుంది కాబట్టి "దాదాపు అరవై" అని పేషెంట్ చెప్పిన బరువు నమ్మకు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి డోసు తగ్గించాలి, క్రియాటినిన్ చూసి అడుగు. ఈ మందుల మీదున్న మనిషికి కండలోకి ఇంజెక్షన్లు వెయ్యొద్దు.

అసిట్రోమ్, వార్ఫారిన్ మాత్రల గురించి ఎంత చెప్పినా తక్కువే. మన గుంటూరు, కృష్ణా పల్లెల నుంచి చిన్నప్పటి కీళ్లజ్వరంతో వాల్వ్ పాడై, ఆరోగ్యశ్రీలో వాల్వ్ మార్పించుకున్న వాళ్లు ఎందరో ఉన్నారు. ఎక్కువమంది ఆడవాళ్లు, చిన్న వయసువాళ్లు. లోహపు వాల్వ్ ఉన్నన్నాళ్లూ ఈ మాత్ర ఉండాల్సిందే. చూడాల్సిన అంకె, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్. మామూలుగా 2 నుంచి 3, మైట్రల్ లోహపు వాల్వ్‌కి 2.5 నుంచి 3.5 ఉంచుతారు. సాయంత్రం మాత్ర ఎందుకంటే, పొద్దున పంపిన రిపోర్ట్ చూసి ఆ రోజు డోసే మార్చొచ్చని. కాబట్టి రిపోర్ట్ చూడకుండా, "ఇవాళ ఎంత ఇవ్వాలి" అని అడగకుండా సాయంత్రం మాత్ర ఇవ్వకు. అసిట్రోమ్ 1, 2, 3, 4 మిల్లీగ్రాముల్లో వస్తుంది. "ఒక మాత్ర" అంటే ఏ మాత్రో తేల్చుకో. ఇవాళ మార్చిన డోసు ప్రభావం ఐఎన్‌ఆర్‌లో కనిపించడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఖరీదైన కొత్త మాత్రలకి టెస్టులు అక్కర్లేదట కదా, మార్చమని పేషెంట్లు అడుగుతారు. లోహపు వాల్వ్‌కి ఆ కొత్త మాత్రలు పనికిరావు. రుమాటిక్ జబ్బుతో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లకి కూడా పాత మందే మేలని 2022లో వచ్చిన ఇన్విక్టస్ అధ్యయనంలో తేలింది.

ఇంటికి పంపేటప్పుడు చెప్పాల్సిన మాటలకి పది నిమిషాలు పెట్టు. ఆకుకూరలు మానేయమని చెప్పకు. గుంటూరు మనిషికి గోంగూర మానేయమంటే నీ ముందు తలూపి ఇంటికెళ్లి తింటుంది. పాలకూర, తోటకూర, మునగాకుల్లో విటమిన్ కె ఎక్కువ, అది ఈ మందుకి ఎదురు పనిచేస్తుంది. వారానికి ఎన్నిసార్లు తింటున్నారో అన్నిసార్లే, అంతే కొలతలో తినమను. ఉన్నట్టుండి పెంచొద్దు, మానొద్దు. కార్తీక మాసంలో ఉపవాసాలు చేస్తూ తిండి తగ్గించేవాళ్లుంటే ముందే టెస్ట్ చేయించుకోమను. ఒళ్లునొప్పులని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర తుంటికి ఇంజెక్షన్ వేయించుకోవడం ప్రమాదం. తొడంతా రక్తం గడ్డకట్టి వాచి వచ్చిన వాళ్లని చూశాను. డైక్లోఫెనాక్ మాత్ర, విరేచనాలకి మెట్రోజిల్, ఆయుర్వేదం పసరు, ఏది వేసుకున్నా అసిట్రోమ్ వాడుతున్నానని ముందు చెప్పమను. పళ్ల చిగుళ్లలో రక్తం, ముక్కులో రక్తం, నల్లటి విరేచనం, నెలసరి మామూలు కంటే ఎక్కువ పోవడం, తలకి దెబ్బ తగలడం, ఇవి జరిగితే రాత్రైనా రావాలి. పెళ్లైన అమ్మాయి అయితే, నెల తప్పిన అనుమానం రాగానే రమ్మని తనకీ భర్తకీ కలిపి చెప్పు. కడుపులో బిడ్డకి ఈ మందు హాని చేస్తుంది, కానీ తనంతట తాను ఆపేస్తే వాల్వ్ మూసుకుపోయి తల్లికే ముప్పు. ఈ రెండు వాక్యాలూ కలిపి చెప్పాలి, ఒక్కటే చెప్పి వదిలేయకూడదు. ఈమధ్య కొడుకులు ఫోన్లో చదివి "ఇది ఎలుకల మందట కదా" అని గొడవ చేస్తున్నారు. నిజమే, వార్ఫారిన్ 1948లో ఎలుకల మందుగానే వచ్చింది, 1954లో మనుషులకి అనుమతించారు. తేడా అంతా డోసులోనే ఉందనీ, అందుకే టెస్టులు అంటున్నామనీ నెమ్మదిగా చెప్తే అర్థం చేసుకుంటారు.

ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్), క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ వాడేవాళ్లు స్టెంట్ వేయించుకున్నాక పన్ను పీకించుకోవాలనో, కడుపులో మంట అనో సొంతంగా ఆపేస్తారు. కొత్త స్టెంట్ మూసుకుపోవడానికి అదే పెద్ద కారణం. టికాగ్రెలార్‌తో కొందరికి ఆయాసంలా అనిపిస్తుంది, అది మందు వల్ల అవునో కాదో డాక్టర్ గారు తేల్చాలి, పేషెంట్ కాదు. గుండెపోటులో మొదటి ఆస్పిరిన్ నమిలించాలి, నమలకుండా మింగించకూడదు. ఈ మందుల మీదున్న మనిషి ఐరన్ మాత్రలు కూడా వేసుకుంటుంటే పేషెంట్‌నీ మననీ మోసం చేసే సంగతి ఒకటుంది. ఐరన్‌తో విరేచనం నల్లగా వస్తుంది. కడుపులో రక్తం పోతున్నా నల్లగానే వస్తుంది. ఐరన్‌ది గట్టిగా, నలుపు ఆకుపచ్చగా ఉంటుంది. రక్తం అయితే తారులా జిగటగా, భరించలేని వాసనతో ఉంటుంది. ఆయమ్మ చెప్పింది విని ఊరుకోకుండా ఒకసారి నువ్వే చూడు, పల్స్, బీపీ కూడా చూడు.

ఐరన్ ఇంజెక్షన్ సంగతి కూడా అడిగావు కదా. ఐరన్ సుక్రోజ్ నార్మల్ సెలైన్‌లోనే కలపాలి, 200 మిల్లీగ్రాములు 100 మి.లీ.లో కనీసం 15 నిమిషాలు, అయ్యాక అరగంట కనిపెట్టి ఉండాలి. క్యాన్యులా పక్కకి లీకైతే చర్మం మీద గోధుమరంగు మచ్చ ఏళ్ల తరబడి పోదు. మాత్రలు టీతో, పాలతో వద్దని, నిమ్మరసంతో మేలని చెప్పు.

గుండెపోటుకి గడ్డ కరిగించే మందు ఇచ్చేటప్పుడు టైమ్ ముఖ్యం, అయినా ప్రశ్నలు మాత్రం మానకూడదు. ఇదివరకు మెదడులో రక్తస్రావం జరిగిందా, ఈమధ్య స్ట్రోక్, ఆపరేషన్, తలకి దెబ్బ, ఎక్కడైనా రక్తం పోవడం ఉన్నాయా, బీపీ ఎంత. నొప్పికి దారిలో ఎవరైనా ఇంజెక్షన్ వేశారా అని కూడా అడుగు, ఆ చోటే రక్తం ఊరుతుంది. మందుకి ముందే రెండు క్యాన్యులాలు పెట్టుకో, తర్వాత గుచ్చడాలు వద్దు. స్ట్రెప్టోకైనేస్ 15 లక్షల యూనిట్లు 30 నుంచి 60 నిమిషాల్లో వెళ్తుంది, బీపీ పడటం, దద్దుర్లు చూడాలి. టెనెక్టెప్లేస్ బరువు ప్రకారం ఒకేసారి ఇచ్చేది. డెక్స్‌ట్రోజ్ నడిచిన లైన్‌లో అయితే ముందూ వెనకా సెలైన్‌తో కడగాలి, లేకపోతే మందు లైన్‌లోనే గడ్డలు కడుతుంది. తర్వాత ప్రతి 15 నిమిషాలకీ పేరు అడుగు, చేతులు ఎత్తమను, తలనొప్పి ఉందా అడుగు. మాట తేడాగా ఉంటే అదే మెదడులో రక్తస్రావానికి మొదటి గుర్తు కావొచ్చు.

పంప్ మందులు క్లుప్తంగా. బీపీ నిలబెట్టే నారడ్రినలిన్ సిరంజి అయిపోయేదాకా ఆగకు, పావుగంట ముందే రెండోది కలిపి సిద్ధంగా ఉంచు. ఆ లైన్‌లో వేరే ఇంజెక్షన్ తోయకు. క్యాన్యులా చుట్టూ చర్మం పాలిపోతే వెంటనే ఆ లైన్ మార్పించు, చర్మం కుళ్లిపోతుంది. అమియోడరోన్ 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో కలపాలి, చేతి నరం ఎర్రబడి గట్టిపడుతోందేమో చూస్తూ ఉండాలి. గుండె పరుగును ఆపే అడినోసిన్ ఇచ్చే ముందు పేషెంట్‌కి చెప్పకపోవడం అన్యాయం. మోచేతి మడత నరంలో ఒకటి రెండు సెకన్లలో తోసి, వెంటనే 20 మి.లీ. సెలైన్ తోసి, చెయ్యి ఎత్తుతాం. కొన్ని సెకన్లు మానిటర్‌లో గీత సాగిపోతుంది, ఆ మనిషికి ప్రాణం పోతున్నట్టే ఉంటుంది. "పది సెకన్లు గుండె నొక్కేసినట్టు ఉంటుంది, నేను మీ చెయ్యి పట్టుకునే ఉంటాను, తగ్గిపోతుంది" అని ముందే చెప్పు.

పేరు అడిగే పద్ధతి కూడా చెప్తాను. "మీరు వెంకటేశ్వరరావు గారేనా" అనకు. చెవి సరిగా వినపడని పెద్దాయన దేనికైనా తలూపుతాడు. మన వైపు ఒకే వార్డులో ఇద్దరు వెంకటేశ్వరరావులు ఉండటం మామూలే. "మీ పేరు, ఇంటిపేరు చెప్పండి" అని అడిగి చేతి బ్యాండ్ చూడు.

తెల్లవారుజామున డాక్టర్ గారికి ఫోన్ చెయ్యాలంటే భయం వేస్తుందని నాకు తెలుసు. అంకెలు చేతిలో పెట్టుకుని చెయ్యి, భయం సగం తగ్గుతుంది. "సార్, ఐసీసీయూ 4వ బెడ్, హార్ట్ ఫెయిల్యూర్, 6 గంటల డిగాక్సిన్ ఉంది. ఎపికల్ పల్స్ 54, బీపీ 106 బై 70, నిన్నటి పొటాషియం 3.1, రాత్రి నుంచి అన్నం తినలేదు. డోసు ఆపాను, ఈసీజీ తీసి ఉంచాను, ఏం చెయ్యమంటారు?" ఇలా చెప్తే విసుక్కునే డాక్టర్ గారు కూడా వింటారు. ఆయన చెప్పింది తిరిగి ఆయనకే చదివి వినిపించు. తర్వాత నోట్స్‌లో టైమ్, పల్స్, ఎవరికి చెప్పావు, ఏమన్నారు, అన్నీ రాయి. ఆపిన మందుని ఇచ్చినట్టు టిక్ పెట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది, అది ఎప్పుడూ చెయ్యకు. తర్వాత వచ్చే సిస్టర్ ఆ టిక్ నమ్మి ఇంకో మందు ఇస్తుంది.

నీ విషయంలో నువ్వు ఇచ్చాక అయినా పల్స్ చూశావు, దాచకుండా చెప్పావు. అందరి ముందు కేకలేయడం మంచి పద్ధతి కాదు, కానీ ఆయన భయం నిజమే. పోయిన వారం మాత్ర గురించి ఇంకేం చెయ్యలేవు. కానీ నీ ప్రశ్నలో ఒక విషయం లేదు. ఆ పెద్దాయన పొటాషియం, క్రియాటినిన్ ఎంత ఉన్నాయో రాయలేదు. లాసిక్స్ కూడా నడుస్తోందా? ఆయన ఇంకా వార్డులోనే ఉంటే, రేపు డ్యూటీకి వెళ్లగానే ఫైల్ తెరిచి ఆ రెండూ చూడు, పొద్దున ఇడ్లీ తిన్నారా అని అడుగు, నిండా ఒక నిమిషం పల్స్ లెక్కపెట్టు. ఆ అంకెలు ఇక్కడ రాయి, నీ డ్యూటీ అయ్యాక చూస్తాను.